ఫ్రీ సైజ్ అంటే ఎవరి సైజ్?

షాపులో ఏ ఊలు టోపీ తిప్పి చూసినా లోపల ఒకటే లేబుల్: ఫ్రీ సైజ్. ఎవరికైనా పడుతుందని అర్థం. ఇంటికొచ్చి పెట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. నాన్న తల మీద పైపైనే కూర్చుంటుంది, పది నిమిషాల్లో చెవులు బయటపడతాయి. తమ్ముడికేమో కళ్ల మీదికి దిగుతుంది. అమ్మకి కొప్పు దగ్గరే ఆగిపోతుంది. ఒకే టోపీ, ముగ్గురికీ పట్టదు. అందరికీ సరిపోయేలా చేసింది చాలాసార్లు ఎవరికీ సరిగ్గా సరిపోదు. కాబట్టి ఈ వారం మన పని, ఒక తలని కొలిచి ఆ తలకే టోపీ అల్లడం. చేత్తో ఎలా, మెషిన్ మీద ఎలా, అమ్మితే ఎంతకి అమ్మాలి, మూడూ చూద్దాం.

సారపాకలో ఊలు టోపీ ఎవరికండీ అని నవ్వకండి. నిజమే, ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకి నెత్తి మీద రుమాలు కూడా బరువే. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గోదావరి వంతెన మీద బైక్ నడిపినవాళ్లని అడగండి. నది మీంచి వచ్చే ఆ చలిగాలి నేరుగా చెవుల్లోకి దూరుతుంది. పేపర్ మిల్లులో పొద్దున షిఫ్ట్‌కి వెళ్లేవాళ్లు, భద్రాచలం బస్టాండ్‌లో మొదటి బస్సు కోసం నిలబడేవాళ్లు, ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వార దర్శనం కోసం తెల్లారకముందే లైన్లో ఉండేవాళ్లు... వీళ్లందరికీ టోపీ ఫ్యాషన్ కాదు, అవసరం.

ఇంకో మాట. తలకి పెట్టుకునేది కుదురుగా ఉండాలన్న సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొమ్ము కోయ ఆటలో మగవాళ్లు పెట్టుకునే తలపాగా చూసే ఉంటారు. అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు. మెడలో పెద్ద డోలు వేసుకుని, దాన్ని వాయిస్తూ, వంగి లేస్తూ ఆడతారు. రెండు చేతులూ డోలు మీదే ఉంటాయి కాబట్టి కొమ్ములు జారితే సర్దుకునే వీలుండదు. అంత బరువు అలా నిలబడాలంటే అది ఆ తలకి సరిగ్గా బిగియాలి. అడవిదున్న ఇప్పుడు వన్యప్రాణి రక్షణ చట్టంలో అత్యంత రక్షణ ఉన్న జంతువు. అందుకే ఇళ్లల్లో ఉన్న పాత కొమ్ములకి అంత విలువ. అలాంటి తలపాగాకి ఫ్రీ సైజ్ అన్న మాటే కుదరదు.

ముందు తల కొలవండి

టైలరింగ్ టేపు తీసుకోండి. కనుబొమల పైన, చెవులకి కాస్త పైన, వెనక తల ఉబ్బుగా ఉండే చోటు మీదుగా చుట్టూ తిప్పండి. బిగించొద్దు, వదులుగానూ వదలొద్దు. టేపు లేదా? ఫోన్ చార్జర్ కేబుల్ తలచుట్టూ తిప్పి, కలిసిన చోట వేలు పెట్టి, దాన్ని స్కేల్ మీద పరచండి. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది 54 నుంచి 58 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మీ ఇంట్లో ఒకరికి 60 దాటితే ఆశ్చర్యపోకండి. షాపులో దొరికే టోపీ ఆయనకి ఎందుకు పట్టట్లేదో ఇప్పుడు తెలిసింది, అంతే.

రెండో కొలత చాలామంది వదిలేస్తారు. ఒక చెవి కింది అంచు నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి కింది అంచు దాకా. అది 42 సెంటీమీటర్లు వస్తే అందులో సగం, అంటే 21, టోపీ లోతు. చెవులు నిండా మూసే టోపీకి ఈ లెక్క. చుట్టుకొలత ఒకటే ఉన్న ఇద్దరికి లోతు వేరుగా ఉండొచ్చు. ఒకరికి టోపీ చెవుల పైనే ఆగిపోయి, ఇంకొకరికి మెడ దాకా దిగేది ఇందుకే.

మూడోది జుట్టు. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచి కొలవండి. కొప్పు వేసుకునే అమ్మకి కొప్పుతోనే కొలవాలి. పోనీటెయిల్ వేసుకునే అక్కకైతే టోపీ పైన చిన్న రంధ్రం వదిలేస్తే జుట్టు బయటికి వస్తుంది. షాపు టోపీలో ఈ సదుపాయం దొరకడం కష్టం. మీ చేతిలో ఉన్నప్పుడు అది రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు సూత్రం. టోపీని తల కొలతకి సమానంగా అల్లకూడదు. ఊలు అల్లిక సాగుతుంది కదా! తలకంటే కొంచెం చిన్నగా అల్లితేనే పట్టుకుని ఉంటుంది. పెద్దవాళ్ల టోపీకి 4, 5 సెంటీమీటర్లు తగ్గించండి. తల 56 అయితే టోపీ 51. అంతకంటే తగ్గిస్తే నుదుటి మీద గీత పడుతుంది, గంటలో తలనొప్పి. అసలు తగ్గించకపోతే నాలుగు రోజుల్లో వదులైపోతుంది.

రెండు కుట్ల తేడా

యూట్యూబ్ వీడియో చూసి అల్లినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వీడియోలో ఆవిడ 104 కుట్లు ఎక్కించమంది, మీరూ 104 ఎక్కించారు. ఆవిడ టోపీ చక్కగా వచ్చింది, మీది కుండకి తొడిగే తొడుగులా వచ్చింది. తప్పు మీ చేతిది కాదు, లెక్కది. ఆవిడ ఊలు వేరు, సూది వేరు, చేతి బిగువు వేరు.

అందుకే ముందు శాంపిల్ ముక్క అల్లాలి. 30 కుట్లు ఎక్కించి ఒక చదరం ముక్క అల్లండి. ఉతికి ఆరబెట్టండి. అక్రిలిక్ ఊలు అయితే ఇస్త్రీ పెట్టొద్దు, సాగి చచ్చుబడిపోతుంది. ఆరాక మధ్యలో స్కేల్ పెట్టి 10 సెంటీమీటర్లకి అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. అంచుల దగ్గర లెక్కపెట్టొద్దు, అక్కడ కుట్లు వంకర పోతాయి.

మీకు 20 కుట్లు, 28 వరుసలు వచ్చాయనుకుందాం. అంటే ఒక సెంటీమీటరుకి 2 కుట్లు. టోపీ 51 సెంటీమీటర్లు కావాలి కాబట్టి 102 కుట్లు. కింద అంచుకి రెండు సీదా, రెండు ఉల్టా రిబ్బు వేస్తాం, దానికి 4తో భాగించబడే సంఖ్య కావాలి. పైన నెత్తి దగ్గర 8 భాగాలుగా తగ్గిస్తాం, దానికి 8తో భాగించబడాలి. దగ్గర్లో రెండింటికీ కుదిరేది 104. సరే, 104 ఖాయం.

ఇప్పుడు ఒక్కసారి ఆగి ఈ లెక్క చూడండి. మీ చేయి కాస్త బిగువై 10 సెంటీమీటర్లకి 20 బదులు 22 కుట్లు వచ్చాయనుకోండి. అవే 104 కుట్లకి టోపీ 47 సెంటీమీటర్లే వస్తుంది. చేయి వదులై 18 వస్తే దాదాపు 58 అవుతుంది. అంటే 56 తలకి వదులు టోపీ! అటు రెండు కుట్లు, ఇటు రెండు కుట్లు తేడా వస్తే ఒకే లెక్కతో అల్లిన టోపీలో పది సెంటీమీటర్ల తేడా. శాంపిల్ ముక్కకి పోయేది ఒక సాయంత్రం. అది వద్దనుకుంటే పోయేది మొత్తం టోపీ.

నెత్తి దగ్గర మలుపు

రిబ్బు ఒక నాలుగైదు సెంటీమీటర్లు, ఆపైన మామూలు అల్లిక. ఎక్కడి నుంచి తగ్గించాలి? దీనికీ ఊహ అక్కర్లేదు, లెక్కే చెబుతుంది.

104 కుట్లని 8 భాగాలు చేస్తే ఒక్కో భాగానికి 13. ప్రతి భాగం చివర రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే ఒక వరుసకి 8 కుట్లు తగ్గుతాయి. 104, 96, 88... అలా 12 సార్లు తగ్గిస్తే చివరికి 8 కుట్లు మిగులుతాయి. తగ్గించే వరుసకీ, ఇంకో తగ్గించే వరుసకీ మధ్య ఒక మామూలు వరుస వేస్తాం కాబట్టి మొత్తం 24 వరుసలు. మన శాంపిల్ ప్రకారం 28 వరుసలంటే 10 సెంటీమీటర్లు, కాబట్టి 24 వరుసలు సుమారు 8.5 సెంటీమీటర్లు. టోపీ లోతు 21 కావాలి. 21 లోంచి 8.5 తీసేస్తే 12.5. అంచు నుంచి 12.5 సెంటీమీటర్లు అల్లాక తగ్గించడం మొదలుపెట్టండి. చివరి 8 కుట్లలోంచి దారం దూర్చి బిగించి లోపలికి ముడివేస్తే అయిపోయింది.

గుండ్రంగా అల్లే కేబుల్ సూదులు మన ఊరి మ్యాచింగ్ సెంటర్లో దొరక్కపోవచ్చు. ఫరవాలేదు. మామూలు రెండు సూదులతో పలకలా అల్లి వెనక కుట్టేయొచ్చు. అప్పుడు కుట్టుకి పోయే రెండు కుట్లు కలిపి 106 ఎక్కించండి.

రెండు సూదులు చూస్తేనే భయమేసేవాళ్లకి క్రోషియా ఉంది. ఒక్క కొక్కెం సూది చాలు. ఇందులో నెత్తి నుంచి కిందికి అల్లుతాం. ముందు గుండ్రటి బిళ్ల, దాన్ని పెంచుకుంటూ పోవాలి. ఎంత దాకా? టోపీ చుట్టుకొలతని 3.14తో భాగించండి. 51కి 16 సెంటీమీటర్లు వస్తుంది. బిళ్ల అడ్డంగా 16 సెంటీమీటర్లు అయ్యాక పెంచడం ఆపేసి నేరుగా అల్లుకుంటూ వస్తే అదే కిందికి దిగుతుంది. స్కూల్లో వృత్తం పాఠం ఎందుకని విసుక్కున్నవాళ్లకి ఇదీ జవాబు. ఇంకో లాభం, మధ్యలో ఎప్పుడైనా తలకి పెట్టి చూసుకోవచ్చు.

మెషిన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇన్‌స్టాలో చూసే ఉంటారు. గుండ్రటి ప్లాస్టిక్ మెషిన్, పక్కన హ్యాండిల్, గిరగిరా తిప్పుతుంటే కింద గొట్టంలా అల్లిక దిగుతుంది. వంద చుట్లు పైచిలుకు తిప్పి, రెండు కొసలూ దారంతో బిగించి, ఒక కొసని రెండోదాని లోపలికి తోసేస్తే రెండు పొరల టోపీ తయారు. రీల్‌లో 30 సెకన్లు, నిజంగా గంట లోపు.

బాగుంది కానీ ఒక మెలిక ఉంది. ఆ మెషిన్‌లో 48 సూదులుంటే టోపీకి 48 కుట్లే. ఏ తల వచ్చినా 48. వెడల్పు మార్చాలంటే మందమైన ఊలో, పలచటి ఊలో మార్చుకోవాలి, కాస్త బిగువు అటూ ఇటూ చేసుకోవాలి. లోతు మాత్రం ఎన్ని చుట్లు కావాలంటే అన్ని తిప్పుకోవచ్చు. అంటే ఈ మెషిన్ కూడా ఫ్రీ సైజ్ మెషినే! పదిమంది స్నేహితులకి ఒకే రకం టోపీలు కావాలంటే ఇంతకంటే మంచిది లేదు. 61 సెంటీమీటర్ల తల ఉన్న మావయ్యకి మాత్రం ఇది పనికిరాకపోవచ్చు.

టేబుల్ మీద పెట్టుకునే పలక మెషిన్ వేరు. పాత బ్రదర్, సిల్వర్ రీడ్ లాంటి వాటిలో మామూలు రకానికి 4.5 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 200 సూదులు వరుసగా ఉంటాయి. మీకు 106 కావాలంటే 106 సూదులే ముందుకి లాగి అల్లుకోవచ్చు. కొలత మీ చేతిలోనే ఉంటుంది, వేగం మెషిన్‌ది. వెనక కుట్టు మాత్రం మీరే వేయాలి. ఆ కుట్టు కూడా లేకుండా మొత్తం దుస్తుని ఒకే ముక్కగా అల్లే మెషిన్‌ని జపాన్‌లోని షిమా సైకి కంపెనీ 1995లో తెచ్చింది. అది ఫ్యాక్టరీల సరుకు, మన ఇంటి లెక్కలోకి రాదు.

చేయి గొప్పా, మెషిన్ గొప్పా అన్న గొడవ ఈనాటిది కాదు. ఇంగ్లండ్‌లో 1571లో ఒక చట్టమే చేశారు. ఆరేళ్లు దాటిన వాళ్లలో పెద్ద హోదా ఉన్నవాళ్లు, ఇంకొందరు తప్ప మిగతా అందరూ ఆదివారాలు, పండగ రోజులు ఆ దేశంలో అల్లిన ఊలు టోపీయే పెట్టుకోవాలి, లేకపోతే జరిమానా! టోపీలు అల్లేవాళ్ల పొట్ట కొట్టకూడదని. ఆ చట్టం 1597లో పోయింది. ఈలోగా 1589లో విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే మెషిన్ కనిపెట్టాడు. పేటెంట్ ఇవ్వడానికి రాణి ఒప్పుకోలేదని, చేతితో అల్లేవాళ్ల బతుకు ఏమవుతుందని అడిగిందని కథ చెప్పుకుంటారు. కథలో నిజం ఎంతో గానీ, ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ బతికే ఉంది.

క్రోషియా సంగతి మాత్రం వేరు. నిట్టింగ్‌కి మెషిన్లు వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది. చేతి క్రోషియాని అచ్చంగా అల్లే మెషిన్ మాత్రం మార్కెట్‌లో లేదు. ఆన్‌లైన్‌లో 199కి అసలైన క్రోషియా టోపీ కనపడిందంటే, ఎక్కడో ఒక మనిషి కూర్చుని చేత్తో అల్లిందే. ఆ 199లో ఆమెకి ఎంత దక్కి ఉంటుందో ఊహించండి.

దుమ్ముగూడెం నుంచి నర్సాపురం దాకా

ఈ ప్రశ్న మన గోదావరి ఒడ్డుకి బాగా తెలిసినదే. సారపాక నుంచి వంతెన దాటి భద్రాచలం మీదుగా పైకి వెళ్తే దుమ్ముగూడెం. పర్ణశాల ఉన్న మండలం. 19వ శతాబ్దంలో గోదావరి మీద పడవల రవాణా కోసం ఆనకట్ట పనులు జరిగిన చోటు. అక్కడికి వచ్చిన చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు ఆడవాళ్లకి లేసు పని నేర్పారు. అడవి మధ్య ఊళ్లో తయారైన ఆ లేసు దుమ్ముగూడెం లేసు అన్న పేరుతో ఇంగ్లండ్ దాకా వెళ్లింది.

ఇదే గోదావరి సముద్రంలో కలిసే చోట నర్సాపురం. అక్కడా మిషనరీలు నేర్పిన పనే, కానీ అక్కడ అది వేల కుటుంబాల్లోకి పాకింది. నర్సాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. సంతోషమే. కానీ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఆడవాళ్ల మీద 1982లోనే ఒక పుస్తకం రాసింది. ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది. వాళ్లు అల్లేది విదేశీ మార్కెట్ కోసం, రోజంతా కూర్చుని. కానీ అందరూ వాళ్లని గృహిణులు అనేవాళ్లు, వాళ్ల పనిని ఖాళీ టైమ్‌లో చేసే పని అనేవాళ్లు. ఖాళీ టైమ్ పని అన్నాక దానికి కూలీ ఎందుకివ్వాలి? అలా పని వాళ్లదైంది, లాభం వ్యాపారులదైంది.

ఈ మాట ఇవాళ ఇన్‌స్టాలో టోపీలు అమ్ముదామనుకుంటున్న ప్రతి అమ్మాయీ, అబ్బాయీ వినాలి. ఎందుకంటే మనం కూడా అదే అంటాం: ఖాళీగా ఉన్నప్పుడు అల్లిందే కదా, మూడొందలు చాల్లే!

మూడొందలు చాలా? లెక్క వేయండి

మీ కొలతలకి అల్లిన టోపీకి ఊలు 120 రూపాయలు అయిందనుకుందాం. కొలవడం, శాంపిల్, అల్లిక, చివరి కుట్లు కలిపి 7 గంటలు పట్టిందనుకుందాం. 300కి అమ్మారు. ఊలు పోను 180 మిగిలింది. 7 గంటలకి పంచితే గంటకి 26 రూపాయలు కూడా లేదు.

తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలీ 2025-26లో 307 రూపాయలు. ఎర్రటి ఎండలో మట్టి పని చేసినవాళ్లకి అది తక్కువేనని మనమే అంటాం. మరి ఒక రోజంతా తీసుకునే మీ టోపీ పనికి అంతకంటే తక్కువెందుకు? ఆ కూలీ ఒక్కటి కలిపినా 307 ప్లస్ 120, మొత్తం 427. అంతకి దిగితే మీ పని మీరే ఫ్రీగా ఇస్తున్నట్టు. ప్యాకింగ్, కొరియర్ ఇంకా కలపలేదు.

అమ్మో, 450 అంటే ఎవరు కొంటారు అంటారు. షాపులో 150కి దొరికే టోపీతో పోటీ పడితే ఎవరూ కొనరు. అందుకే దాంతో పోటీ పడొద్దు. పట్టే టోపీ దొరకని వాళ్లు కొంటారు. తల పెద్దదని ప్రతి చలికాలం తువ్వాలు చుట్టుకునే పెద్దాయన కొంటాడు. ఒత్తు జుట్టు ఉన్న అమ్మాయి కొంటుంది. కీమోథెరపీలో జుట్టు పోయినవాళ్లకి నెత్తి చర్మం చాలా సున్నితంగా ఉంటుంది, గరుకు ఊలు గుచ్చుకుంటుంది. మెత్తటి కాటన్ దారంతో, లోపల కుట్టు తగలకుండా, జుట్టు లేని తలకి సరిగ్గా కొలిచి అల్లిన టోపీ వాళ్లకి ఎంత అవసరమో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలుసు. కొలత మీ సరుకు, ఊలు కాదు.

మెషిన్ మీద గంటలో చేసింది 250కి అమ్మండి, తప్పేం లేదు. అలా కూడా గంటకి 130 మిగులుతుంది, మెషిన్ ఖరీదు అందులోంచే రాబట్టుకోవాలి. అయితే మెషిన్‌ది మెషిన్ అనే చెప్పి అమ్మండి. చేతి పని అని రాసి మెషిన్ సరుకు పంపితే నష్టపోయేది కొన్నవాళ్లు ఒక్కరే కాదు. నిజంగా చేత్తో అల్లే పక్కింటి అక్క కూడా. ఆమె ధర చెప్పినప్పుడు ఇక ఎవరూ నమ్మరు.

తప్పకుండా చూసుకోవాల్సినవి

హెల్మెట్ కింద మందపాటి ఊలు టోపీ వద్దు. హెల్మెట్ తలకి కుదురుగా పడితేనే కాపాడుతుంది. కింద మెత్తటి టోపీ ఉంటే అది పైకి లేస్తుంది, పడినప్పుడు కదిలిపోతుంది. పైన కుచ్చు ఉంటే ఇంకా ప్రమాదం. బైక్ మీద పలచటి కాటన్ క్యాప్ వేసుకుని, బండి దిగాక ఊలు టోపీ పెట్టుకోండి.

చలిమంట దగ్గర, వేడి పని దగ్గర అక్రిలిక్ టోపీ వద్దు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. అసలు ఉన్ని, కాటన్ అలా కరగవు. తిరిగే మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్ల టోపీకి వేలాడే దారాలు, కుచ్చులు, తాళ్లు ఏవీ ఉండకూడదు.

అసలు ఉన్ని అంటే గుర్తొచ్చింది. కురుమలు నేసే నల్ల గొంగడి మన దక్కనీ గొర్రె ఉన్నిదే. వెచ్చదనంలో, వానని ఆపడంలో దానికి సాటి లేదు. కానీ అది గరుకు. దాని దారంతో టోపీ అల్లితే లోపల కాటన్ లైనింగ్ వేయాల్సిందే.

ఇక చంటిపిల్లలు. ఇది జాగ్రత్తగా చదవండి. చలికి ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందని అంటుంటారు, పెద్దవాళ్ల విషయంలో అది నిజం కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి వేరు. బిడ్డ మొత్తం పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. అందుకే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి తలలోంచి పోయే వేడి చాలా లెక్కలోకి వస్తుంది. అమ్మ ఛాతీ మీద బిడ్డని ఆనించి ఉంచే కంగారూ కేర్‌లో డైపర్, సాక్సులతో పాటు టోపీ కూడా ఉండేది అందుకే.

నెలలు నిండిన బిడ్డ తల సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. 3 సెంటీమీటర్లు తగ్గిస్తే 32. మన శాంపిల్ లెక్కలో 64 కుట్లు, 4కీ 8కీ చక్కగా కుదురుతుంది. నెలలు నిండని బిడ్డ తల ఇంకా చిన్నది, షాపు టోపీ ముఖం మీదికి జారుతుంది. కాబట్టి తప్పకుండా కొలిచి అల్లాలి. మెత్తటి కాటన్ లేదా బేబీ ఊలు వాడండి. గుండీలు, రిబ్బన్లు, పూసలు, కుచ్చులు వద్దు. లోపల దారం కొస ఒక్కటి కూడా వదలొద్దు, చిన్ని వేలికి చుట్టుకుంటే ప్రమాదం. ఉతికి, ఆరబెట్టి ఇవ్వండి.

బిడ్డ ఇంటికొచ్చాక, గది వెచ్చగా ఉన్నప్పుడు, నిద్రలో టోపీ ఉంచొద్దు. చలి నుంచి కాపాడినట్టే వేడెక్కిపోకుండా కూడా కాపాడాలి. మన మార్చి నెలకే టోపీ పని అయిపోతుంది. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని కంగారుపడకుండా పొట్ట మీద చేయి పెట్టి చూడండి, అది వెచ్చగా ఉంటే చాలు. అనుమానం ఉంటే ఆసుపత్రి నర్సమ్మనో, ఆశా అక్కనో అడగండి. ఆసుపత్రిలో పిల్లలకి టోపీలు అల్లి ఇద్దామనుకుంటే కూడా ముందు అక్కడ అడగండి: ఏ కొలత, ఏ దారం, ఎన్ని కావాలి అని. అడగకుండా యాభై అల్లి తీసుకెళ్తే సంతోషం మీకు, సర్దుకునే తిప్పలు వాళ్లకి.

ఈ వారం పని

ఊలు ఇంకా కొనొద్దు. ఫోన్ నోట్స్‌లో ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన మూడు అంకెలు వేయండి: తల చుట్టుకొలత, చెవి నుంచి చెవికి కొలతలో సగం, జుట్టు ఎలా ఉంటుందో. తాతయ్యని, నానమ్మని మర్చిపోవద్దు. వాళ్ల తల ఎవరూ కొలిచి ఉండరు. అది పూర్తయ్యాక ఒక్క ఊలు ఉండ, ఒక జత సూదులు లేదా ఒక కొక్కెం కొని 30 కుట్ల శాంపిల్ ముక్క అల్లండి. 10 సెంటీమీటర్లకి మీకు ఎన్ని కుట్లు వచ్చాయో మాకు పంపండి. ఎన్ని వచ్చినా తప్పు లేదు. ఆ అంకె మీ చేతిది, మీ టోపీ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.